నా బండి మూతి ఎత్తమని ఎవరడిగారు?

జూన్ 4, మంగళవారం

నా పేరు గ్లెనబా బిట్సిల్లీ. చేదునీళ్ళవాళ్ళ ఆడపడుచుని, అది మా అమ్మ వంశం. మా నాన్న ఉప్పువాళ్ళ మనిషి. వయసు ఎనభై ఒకటని కార్డు మీద ఉందట. ఆ కార్డు రాసినవాడు నేను పుట్టినప్పుడు అక్కడ లేడు. పినియన్ చెట్ల గింజలు ఏరే కాలంలో, మంచు పడకముందు పుట్టానని అమ్మ చెప్పేది, నాకు అది చాలు. తల చదునుగా ఉండే బల్లకొండ కింద, ఎండు వాగుకి ఇవతల, తూర్పు తలుపున్న ఇంట్లో ఉంటాను. ఇంటి లోపల నేను, నా మగ్గం. బయట గొర్రెలు, మేకలు, రెండు కుక్కలు, ఒక పికప్ బండి. బండి నాది. నేను నేసిన రగ్గులు అమ్మి కొన్నది. ఈ మాట కింద గీత గియ్యమన్నాను.

చదవడం, రాయడం నాకు రాదు. తెల్లవాళ్ళ స్కూలువాళ్ళు మా పిల్లల్ని దూరంగా పట్టుకెళ్ళడానికి వచ్చిన రోజు అమ్మ నన్ను గొర్రెల వెంట కొండ మీదికి పంపేసింది. ఇది రాస్తున్నది వెల్మా. మా చెల్లెలి కూతురు, అంటే నాకూ కూతురే. బడిలో వంట ముగించుకుని సాయంత్రాలు వస్తుంది. చెప్పింది చెప్పినట్టు రాయాలనీ, నా మాటలకి పంచదార కలపకూడదనీ మాట తీసుకున్నాను. ఇది ఎవరికీ చదివి వినిపించడానికి కాదు. రేపు వాళ్ళంతా కలిసి ఇంకో కథ చెబుతారు. పదిసార్లు వింటే నాకూ అదే నిజమనిపిస్తుందేమో. అందుకని.

జరిగింది ఇది. నిన్న పొద్దుగూకే వేళ బండి వెనక ట్యాంకు నిండా నీళ్ళు పట్టుకుని వస్తున్నాను. గొర్రెలు కుక్కల వెంట దొడ్డికి చేరుతున్నాయి. మలుపు దగ్గర హెడ్‌లైట్లు వేశాను. వెలుగు దారి మీద పడలేదు. జూనిపర్ చెట్ల తలల మీద పడింది, అవతల కొండ గోడ మీద పడింది. నా ముందు బానెట్ ఉంది, బానెట్ పైన ఆకాశం ఉంది, మధ్యలో ఉండాల్సిన నేల లేదు. మెత్తగా ఏదో తగిలింది. దిగి చూస్తే గంట మేక, ప్రాణం లేదు. మెడలో గంట ఉన్న ఆ ముసలి మేకే నా మందని వాగు దాటించేది. అది నడిస్తేనే గొర్రెలు నడుస్తాయి.

మేక కోసం ఏడవలేదు. మేక మేకే.

నా కూతురు ఆర్లిండా, నా తమ్ముడు థర్మన్ వచ్చారు. థర్మన్ మేకని చూడలేదు, బండిని చూడలేదు. తిన్నగా వెళ్ళి తాళాలు లాగేశాడు.

"అక్కా, ఇక చాలు."

"ఏది చాలు?"

"నీకు కళ్ళు కనబడట్లేదు. ఇవాళ మేక. రేపు ఎవరి బిడ్డో."

"కళ్ళు కనబడుతున్నాయిరా. దారే కనబడలేదు."

"అందరూ అలాగే అంటారు."

తాళాలు చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాడు. వాడి ముక్కు తుడిచి పెంచినదాన్ని నేను.

నా కళ్ళు పోయాయంటే ఏమని అర్థం? మాలో అత్త అల్లుణ్ణి చూడదు, అల్లుడు అత్తని చూడడు. అది మర్యాద. చూస్తే కళ్ళు పోతాయి. ఆర్లిండా పెళ్ళయి పాతికేళ్ళు దాటింది. దాని మొగుడి మొహం గుండ్రమో పొడుగో నాకు తెలియదు. పెళ్ళి ఫోటో కూడా బోర్లా పెట్టించాను. ఇప్పుడు కళ్ళు పోయాయని ఊరంతా అంటే, ముసల్ది అల్లుణ్ణి చూసిందనేగా!

బండి లేకపోతే నీళ్ళు లేవు. నీళ్ళు లేకపోతే గొర్రెలు లేవు. గొర్రెలు లేకపోతే నన్ను ఆర్లిండా ఇంటికి తీసుకెళ్ళి టీవీ ముందు కూర్చోబెడతారు. ఆ ఇంట్లో అల్లుడుంటాడు. నేను ముందు గదిలో ఉంటే ఆయన కిటికీలోంచి దూకి పనికి పోవాలి. ఇది ఎవరైనా ఆలోచించారా?


జూన్ 5

నీళ్ళు తెస్తానన్న థర్మన్ తేలేదు. గొర్రెలు నా మొహం చూస్తున్నాయి.


జూన్ 6, గురువారం

అసలు సంగతి రాయి.

పోయిన నెల వాగు దిగుతుంటే బండి మూతి ఇసుకలో గుచ్చుకుని బంపరు వంగింది. పార పెట్టి తవ్వుకుని నేనే బయటపడ్డాను. నవ్వుకుంటూ ఆర్లిండాకి చెప్పాను. ఆర్లిండా మొగుడికి చెప్పింది. ఆయన పేరు ఎమర్సన్. రోడ్లు వేసే పెద్ద యంత్రాలు బాగు చేసే పని. సెలవు రోజుల్లో కుర్రాళ్ళ పికప్‌లని రాళ్ళలో, ఇసుకలో తిరగడానికి తయారు చేసి పెడతాడు. నేను వెల్మాతో సంతకి పోయిన రోజు చూసుకుని నా ఇంటికొచ్చాడు. ముందు చక్రాల స్ప్రింగుల మీద రెండు ఇనుప బిళ్ళలు బిగించి బండి మూతి మూడు వేళ్ళ ఎత్తు లేపాడు. వంగిన బంపరు తిన్నగా కొట్టాడు. హెడ్‌లైట్ల వెలుగు గోడ మీద పడేసి సరిచూశాడట కూడా. నేను తిరిగొచ్చేసరికి ఆయన లేడు, చక్రాల దగ్గర తుడిచిన గుడ్డ ఉంది.

ఎక్కడానికి నాకు పాల డబ్బా కావలసి వచ్చింది. నా బండి ఎక్కడానికి నాకు డబ్బా!

ఇవాళ ఆర్లిండాని అడిగాను. "నా బండి మూతి ఎత్తమని ఎవరడిగారు?"

"అమ్మా, ముందు వంగి ఉండేది. ఏదో వాసన చూస్తున్నట్టు. ఇప్పుడు తిన్నగా నిలబడింది. ఎంత బాగుందో చూడు."

"నేను దాన్ని పెళ్ళికి పంపట్లేదే."

"ఆయన ఎన్ని బండ్లకి చేశాడు! ఒక్కడైనా మేకని గుద్దాడా?"

"వాళ్ళలో ఒక్కడైనా నీళ్ళు మోస్తాడా?"

ఆర్లిండా లేచింది. ఫోను చూసుకుంది. "నీ మంచికే చేశాడమ్మా" అంటూ పోయింది. మంచి చేసేవాళ్ళందరూ నేను లేనప్పుడే వస్తారు.


జూన్ 7

కళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ పరీక్ష చేసే పిల్ల మనవాళ్ళ పిల్లే, మన మాటే మాట్లాడుతుంది. గోడ మీద అక్షరాలు చూపించి, "పై వరస చదవండి అమ్మమ్మా" అంది.

"చదవను."

"కనబడట్లేదా?"

"ఎందుకు కనబడవు? ఒకటి పళ్ళూడిన దువ్వెనలా ఉంది. ఒకటి దొడ్డి గేటులా ఉంది."

పిల్ల నవ్వింది. "అవి ఏ అక్షరాలో చెప్పండి."

"చదువుకున్నది నువ్వు. నువ్వు చెప్పు."

బొమ్మలున్న అట్ట తెస్తానని లోపలికి పోయింది. చిన్నపిల్లలకి చూపించే అట్ట. నేను లేచి వచ్చేశాను. పరీక్ష పూర్తి కాలేదని కాగితం రాసిచ్చారు. థర్మన్ అది చూసి, "ఎందుకు పూర్తి కాలేదో నాకు తెలుసు" అన్నాడు. నీకేం తెలుసురా.


జూన్ 9, ఆదివారం

మగ్గం ముందు కూర్చున్నాను. పొద్దుటి నుంచి నేసిందాంట్లో ఒక్క పోగు తప్పలేదని రాయి. వెల్మా దగ్గరికొచ్చి చూసి ఒక చోట వేలు పెట్టింది. ఏమిటే అంటే, ఏం లేదు పెద్దమ్మా అంది.

మేక గంట తీసి దొడ్డి గేటుకి తగిలించాను. గాలికి మోగుతోంది. అలవాటైపోతుంది.


జూన్ 11, మంగళవారం

థర్మన్‌కి నడుం నొప్పట. అందుకని తాళాలు వెల్మాకిచ్చి నీళ్ళు తెమ్మన్నాడు. నేను దొడ్డి దగ్గర నిలబడ్డాను.

నిండు ట్యాంకుతో నా బండి రావడం నేనెప్పుడూ చూడలేదు. ఎలా చూస్తాను? నిండుగా వచ్చినప్పుడల్లా నేను దాంట్లోనే ఉంటాను.

ఇవాళ చూశాను. నీళ్ళ బరువుకి వెనక భాగం నేలకి కుంగిపోయింది, మూతి గాల్లోకి లేచింది. దూకబోయే మేకపోతులా ఉంది. ముందు చక్రాలు నేలని తాకీ తాకనట్టున్నాయి. వెల్మా దిగి తలుపు పట్టుకుని నిలబడిపోయింది. అది నాకంటే జానెడు పొడుగు.

"పెద్దమ్మా, నాకేం కనబడలేదే! స్టీరింగు తిప్పుతున్నాను, అది నా మాట వినట్లేదు. వాగు దిగేటప్పుడు దేవుళ్ళందరినీ పిలిచాను."

"మొన్న నేనేం చెప్పాను?"

"చెప్పావు."

"మళ్ళీ రాసుకో."

ఇప్పుడు అర్థమైంది. నా బండి వాసన చూస్తూ వంగి ఉండేది ఊరికే కాదు. వెనక బరువెక్కితే సమంగా నిలబడడానికే కంపెనీవాడు వెనక ఎత్తుగా చేశాడు. నీళ్ళు నింపితే నా బండి ఎప్పుడో లెవెలైంది, ఆయన రాకముందే!

పెద్ద యంత్రాలు విప్పి బిగించే మనిషికి ఇది తెలియదా? తెలిసే చేశాడు. ముసల్దాన్ని బండి దింపాలి, గొర్రెల్ని అమ్మించాలి, మంద పోయిన నేలలో తనేదో చేసుకోవాలి. పాతికేళ్ళు మొహం దాచుకుని మర్యాద నటించిన మనిషి! ఇంత పెద్దగా రాయి, వెల్మా. అక్షరాలు పెద్దవి చెయ్.


జూన్ 12, బుధవారం

థర్మన్ ఇంట్లో కూర్చున్నాం. నేను, థర్మన్, ఆర్లిండా, వెల్మా లోపల. ఎమర్సన్ గోడకి అవతల, కిటికీ కింద నీడలో. కిటికీకి దుప్పటి కట్టారు. ఆయన మాట్లాడింది ఆర్లిండా నాకు మళ్ళీ చెప్పాలి. గోడ మందం చెయ్యంత లేదు, అన్నీ వినబడుతూనే ఉన్నాయి. అయినా పద్ధతి పద్ధతి.

థర్మన్ కిటికీ వైపు తిరిగి అడిగాడు. "అల్లుడూ, నీళ్ళు మోసే బండికి ముందు ఎత్తిస్తే ఏమవుతుందో నీకు తెలియదా?"

"తెలుసు మావయ్యా. నీళ్ళు మోసే బండికి నేను ఎత్తను."

"మరి ఎత్తావుగా?"

"నేను చూసినప్పుడల్లా ఆ బండి ఖాళీగానే ఉంది. ట్యాంకు కూడా దొడ్డి పక్కన దించి ఉంది. గొర్రెలకి గాలిమర తోడే బావి దగ్గరే నీళ్ళనుకున్నాను."

"ఆ బావి ఎండి మూడేళ్ళయింది! రోడ్డు మీద ఎదురైనప్పుడైనా చూడలేదా, నిండు బండిని?"

గోడ అవతల బూటు నేలకి రాసుకుంది. ఈగల చప్పుడు.

"నిండు బండిలో అత్తగారుంటారు కదా మావయ్యా. దూరాన దుమ్ము కనబడగానే నేను పక్కకి దిగిపోతాను. వెళ్ళిపోయేదాకా వెనక్కి తిరిగి నిలబడతాను."

ఆర్లిండా నా వైపు తిరిగి, "అమ్మా, ఆయన ఏమంటున్నాడంటే..." అని మొదలుపెట్టింది.

"వినబడింది. కళ్ళతో పాటు చెవులు కూడా పోయాయనుకున్నావా?"

నేను చెప్పాలనుకున్నవన్నీ నోట్లోనే ఉండిపోయాయి. దారంతా నములుతూ వచ్చాను. ఆయన తిట్టాల్సినంత తప్పు చెయ్యలేదు, అదే నాకు మంటగా ఉంది. నిన్న పెద్ద అక్షరాలతో రాయించింది కొట్టెయ్యనా అని వెల్మా అడిగింది. వద్దన్నాను. నిన్న అలాగే అనిపించింది.

థర్మన్ మాత్రం తాళాలు ఇవ్వలేదు. "బండి తప్పు బండి ఖాతాలో. కళ్ళ సంగతి కళ్ళదే. బండి సరిచేశాక మాట్లాడదాం అక్కా."

అల్లుడు ఒకసారి నిండు బండిని చూస్తానన్నాడు. శనివారం వస్తాడు.


జూన్ 15, శనివారం

ఎండెక్కకముందే వెల్మా థర్మన్ దగ్గర తాళాలు అరువు తెచ్చుకుని, ట్యాంకు నింపుకొచ్చి దొడ్డి ముందు బండి నిలిపింది. ఆయన బయల్దేరాడని ఆర్లిండా కబురు చేసింది. ఇక నేను నా ఇంట్లోంచి లేచి, గొర్రెల్ని తోలుకుని కొండెక్కాలి. నా ఇంటి ముందు నా బండిని ఒకరు చూసుకోవాలంటే నేను కొండెక్కాలి! గంట మేక లేదు కనక గొర్రెలు కదలవు. ఒక ముసలి గొర్రె చెవి పట్టుకుని ఈడ్చుకుంటూ పోయాను. చిన్నప్పుడు స్కూలువాళ్ళకి కనబడకుండా ఎక్కింది కూడా ఆ కొండే. అప్పుడైనా అమ్మ రొట్టె మూట కట్టి ఇచ్చింది.

చూడ్డానికి ఎంతసేపు, చూసి పోతాడు కదా అని కాఫీ కూడా తీసుకెళ్ళలేదు.

కింద జరిగింది వెల్మా తర్వాత చెప్పింది. ఆయన బండి చుట్టూ తిరిగి నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడట. ఆర్లిండాని అడిగాడట, "మీ అమ్మ ఎంత పొడుగుంటుంది?" అది తన భుజం మీద చెయ్యి పెట్టి చూపించింది. ఆయన నా సీట్లోకి ఎక్కి, మెడ ముడుచుకుని అంత పొట్టిగా కూర్చుని, బానెట్ మీంచి ముందుకి చూశాడట. చాలాసేపు దిగలేదట. దిగాక తిన్నగా ట్యాంకు దగ్గరికి పోయాడట. నీళ్ళు ఒలకబొయ్యకుండా పీపాలన్నీ నింపి, ట్యాంకు ఖాళీ చేసి, జాకీ పెట్టాడట.

నాకేం తెలుసు అదంతా. పైన ఎండకి నా తల మాడిపోతోంది. మధ్యాహ్నం దాటింది. నా పొయ్యి కింద ఉంది, నా రొట్టెలు కింద ఉన్నాయి, నేను ఒక జూనిపర్ చెట్టు కింద దొంగలా కూర్చున్నాను.

నేను గొర్రెల్నే చూశాను. గొర్రెలు అంచు వైపు పోతే అంచు వైపు చూడక తప్పదు. కింద బండి ఉంది. బండి కింద నుంచి రెండు బూట్లు బయటికున్నాయి. బూట్లు మనిషి కాదు. ఎడమ బూటు అడుగున ఎర్ర రబ్బరు అతుకు, ఒక మూల అప్పుడే లేచిపోయింది. అంతే. కాళ్ళు కదలగానే ఇటు తిరిగి కూర్చున్నాను. వెల్మా, ఈ పేజీ మడిచెయ్.

ఎండ వాలుతుండగా గంట మోగింది. గొర్రెలన్నీ ఒక్కసారిగా తలెత్తాయి. నేనూ లేచాను. ఒక్క క్షణం... వద్దు, అది రాయకు.

పని అయింది, పోతున్నానని చెప్పడానికి ఆయన గేటుకున్న గంట కొట్టాడు. మా అమ్మమ్మ కాలంలో అత్తలు చెవులకి చిన్న గంటలు పెట్టుకునేవాళ్ళు, అల్లుళ్ళు విని తప్పుకోవడానికి. ఈ కాలంలో అల్లుడు కొడుతున్నాడు. ఆ చప్పుడుకి గొర్రెలు వాటంతటవే కొండ దిగాయి, ముందు ఎవరూ లేకుండానే. నేను వెనకాల దిగాను.

బండి మూతి కిందికి దిగింది. మళ్ళీ వాసన చూస్తోంది. రెండు ఇనుప బిళ్ళలు కడిగి నా గుమ్మం పక్కన పెట్టి వెళ్ళాడు. తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాను. వాటి విలువ అంతే.


జూన్ 16, ఆదివారం

థర్మన్, ఆర్లిండా పొద్దున్నే వచ్చారు. వెల్మా గొర్రె పక్కటెముకలు కాలుస్తోంది. థర్మన్ బండి చుట్టూ తిరిగొచ్చి కూర్చున్నాడు.

"బండి బాగైంది" అన్నాడు.

"అది నాకు తెలుసు. తాళాలు?"

"అక్కా, కోప్పడకు. బొమ్మల అట్ట దగ్గరికి ఒక్కసారి వెళ్ళొద్దాం. వాళ్ళు సరే అంటే తాళాలు నీవే."

"వెళ్ళను."

"వెళ్ళకపోతే నేనివ్వను."

"పీపాలైపోతే?"

"వెల్మా తెస్తుంది."

"వెల్మాకి ఉద్యోగం లేదా? నీకు నడుం లేదా? నా గొర్రెలు మీ తీరిక కోసం దాహం ఆపుకోవాలా?"

ఆర్లిండా తల దించుకుంది. ఆ తల చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఇక దీంతో మాటలెందుకని లేచి, కోసిపెట్టిన గొర్రె తొడ గుడ్డలో చుట్టి దాని ఒళ్ళో పడేశాను.

"ఇది తీసుకెళ్ళి మీ ఆయనకి వండిపెట్టు. రోజంతా ఎండలో పడుకుని పని చేశాడు. ఆ ఎడమ బూటు కూడా బాగు చేయించు. ఆ ఎర్ర అతుకు మూల లేచిపోయింది, వాన పడితే ఊడొస్తుంది."

పెనం మీద కొవ్వు చిటపటలాడుతోంది.

"అమ్మా," అంది ఆర్లిండా మెల్లిగా, "ఆ అతుకు నేను శుక్రవారం రాత్రి అంటించాను."

థర్మన్ తలుపులోంచి బయటికి చూశాడు. బండి నిలిపిన చోటు చూశాడు. అక్కడి నుంచి కొండ అంచు దాకా చూశాడు. అంత దూరాన్నీ మూతితో కొలిచినట్టు పెదవులు ముందుకి చాచాడు.

"నిన్న ఎక్కడ కూర్చున్నావక్కా?"

"గొర్రెల దగ్గర."

"అంచు మీదా?"

"గొర్రెల దగ్గరన్నానుగా."

వెల్మా నవ్వు ఆపుకోవడానికి పొయ్యి వైపు తిరిగింది. థర్మన్ జేబు బొత్తాం తీశాడు. తాళాలు నా కప్పు పక్కన పెట్టాడు. నా వైపు చూడలేదు.

"కాఫీ బాగుంది" అన్నాడు.

"ఇంకా పొయ్యలేదురా."

పోశాను. తాగాడు. ఎవరూ ఇంకో మాట అడగలేదు. అడిగితే చెప్పాల్సి వచ్చేది.

సాయంత్రం నేనే వెళ్ళి నీళ్ళు తెచ్చుకున్నాను. వెలుగు దారి మీద పడింది. మలుపు దగ్గర చేతులు వాటంతటవే బండి ఆపాయి. అక్కడేం లేదు. అయినా దిగి చూసి మళ్ళీ ఎక్కాను. దూరంగా రోడ్డు పక్కన ఎవరిదో బండి ఆగి ఉంది, పక్కన ఎవరో అటు తిరిగి నిలబడ్డారు. ఎవరో నేను చూడలేదు.

ఇప్పుడు నా మాట ముగిస్తున్నాను. నిన్నటి పేజీ మడిచే ఉంచాలి, ఇవాళ్టి కాఫీ దాకా ఉన్నది కూడా. సంతకాలు కింద రాసిన దానికే.

బండి నాది. దాని మూతి ఎత్తమని నేనెవర్నీ అడగలేదు. మేక చనిపోయింది నా కళ్ళ వల్ల కాదు. నా కళ్ళు బాగున్నాయి, ఎందుకంటే నా అల్లుణ్ణి నేనెన్నడూ చూడలేదు. ఇకముందు నా బండిలో ఏ బోల్టు తిప్పాలన్నా ముందు ఆర్లిండా చేత నన్ను అడిగించాలి. ఆయన అడిగిస్తే వింటాను.

ఉన్నికి వేసే నల్ల రంగులో ముంచిన ఎడమ బొటనవేలి ముద్ర: గ్లెనబా బిట్సిల్లీ

రాసినది, సాక్షి: వెల్మా

సాక్షి: థర్మన్, తమ్ముడు

సాక్షి: ఆర్లిండా, కూతురు

సాక్షి: ఎమర్సన్, అల్లుడు. నేను గొర్రెల దగ్గరికి వెళ్ళి, గంట మోగేదాకా తిరిగి రాకుండా ఉన్నప్పుడు సంతకం చేశాడు.